ఉకార విజయము

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ మధ్యాహ్నం బెజవాడ గవర్నరుపేటలో రోళ్లతో పాటు తారురోడ్డూ, దాని మీద నడిచేవాళ్ల ఓర్పూ కూడా పగులుతున్నాయి. 2017 మే నెల చివరివారం. సహస్రకిరణుడు తన వెయ్యి చేతుల్లో తొమ్మిదివందల తొంభైతొమ్మిదింటిని ఒక సందులోని ఒకే ఒక్క రేకుల కప్పు మీద ఆన్చి, మిగిలిన ఒక్క చేత్తో కృష్ణమ్మను పుడిసిలి పట్టి తాగుతున్న వేళ, ఆ కప్పు కింద, సిరా వాసనా కిరోసిన్ వాసనా కోసిన కాగితం వాసనా ముప్పేటగా పేనుకున్న ఒక ప్రింటింగ్ ప్రెస్సులో, మినీ ఆఫ్‌సెట్ మిషను ధడధడధ్వానం ఠక్కున ఆగిపోయింది. కటింగ్ మిషను కత్తి ఎత్తినది ఎత్తినట్టే నిలిచింది. గోడ మీది క్యాలెండర్లలో లక్ష్ములూ సరస్వతులూ వేంకటేశ్వరులూ ఊపిరి బిగబట్టారు. యజమాని గారు ఫోను చెవికి ఆనించుకుని, ప్రళయవార్త చెప్పే దూత గొంతుతో నాకు ఒకే ఒక్క వాక్యం చెప్పారు.

“బాబూ, సర్వర్ రావట్లేదు.”

సర్వర్ ఎక్కడికీ రాదు. పదిహేనేళ్లుగా ఆ మూల చెక్కబల్ల కింద పెట్టినచోట పెట్టినట్టే ఉంది. రావలసింది నేనే. తలకు తువ్వాలు చుట్టి, స్క్రూడ్రైవర్ జేబులో దోపి, రెండు చక్రాల రథమెక్కి బయల్దేరాను.

యుద్ధానికి కారణం చెప్పాలి. కారణం ఒక అక్షరం. ఒక పెళ్లికూతురి తండ్రి, ఖద్దరు చొక్కా, చంకలో సంచీ, చేతిలో ప్రూఫు కాగితంతో ప్రెస్సు బల్ల మీద కూర్చుని ఉన్నారు. జ్యేష్ఠ మాసపు ముహూర్తం. అయిదువందల కార్డులు. ప్రూఫులో వినాయకుడు బాగున్నాడు, ఇంటిపేర్లు బాగున్నాయి, ‘మీ రాక మాకెంతో’ అన్న చోట చుక్కలు కూడా బాగున్నాయి. కాని ముహూర్తం దగ్గర ‘ఉ. 9.12 ని.లకు’ ఉండవలసినది ‘రా. 9.12 ని.లకు’ అయి కూర్చుంది. ఉదయం రాత్రి అయింది! పగలు జరగవలసిన కల్యాణం చీకటిలోకి జారింది! బంధుకోటి భోజనాలు దాటిపోయి పన్నెండు గంటలు ఆలస్యంగా దిగే ఘోరం ఆ ఒక్క ‘రా’ కడుపులో దాగి ఉంది. ఆ ‘రా’ను దించి ‘ఉ’ను గద్దెనెక్కించాలి. అంతే. ఈ కథలో రాజ్యమంతా ఆ ఒక్క అక్షరం వెడల్పు.

ఇక బలాబలాలు.

ముందుగా సర్వర్. పేరు కనకదుర్గమ్మ. బెజవాడలో కంప్యూటరుకు ఆ పేరు పెట్టకపోతే అడుగుతారు గాని పెడితే ఎవరూ అడగరు. ఇంగ్లీషులో రాస్తే పద్నాలుగు అక్షరాలు. నెట్‌బయోస్ అనే పాత శాసనం ప్రకారం యంత్రం పేరు పదిహేను అక్షరాలు దాటకూడదు, పదహారో పీట బిరుదుకు. ఫైళ్లు పంచే యంత్రమైతే ఆ పీట మీద 20 అన్న ముద్ర కూర్చుంటుంది. ఒక్క అక్షరం ఖాళీ మిగిల్చి, బిరుదు పీట భద్రంగా ఉంచి, ఆ తల్లి విండోస్ 2000 సర్వర్ అనే కిరీటం ధరించి, దుమ్ము అనే పసుపు ఒళ్లంతా పూసుకుని, వెనక ఫ్యానుతో నిరంతర ఓంకారం చేస్తూ కొలువై ఉంది. పదిహేనేళ్ల పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు, రెండు మునిసిపల్ ఎన్నికల కరపత్రాలు ఆమె గర్భంలో ఉన్నాయి. తయారుచేసినవాళ్లు ఆమె యోగక్షేమాల బాధ్యతను 2010 జులైలోనే వదులుకున్నారు. ఆమె మాత్రం ప్రెస్సు బాధ్యత వదల్లేదు.

ఎదురుగా, గాజు తలుపు గదిలో, డీటీపీ సింహాసనం. దాని మీద విండోస్ 98. ఇతనికి వానప్రస్థం ఇంకా ముందే, 2006 జులైలో రాసిపెట్టారు. పసుపుపచ్చబడిన దేహం, గోధుమరంగు సీఆర్‌టీ శిరస్సు, 4.3 జీబీ హార్డ్ డిస్క్ అనే చిన్న పొట్ట, అదీ గొంతుదాకా నిండిన పొట్ట. అందుకే కొత్తగా కట్టిన ప్రతి శుభలేఖనూ కనకదుర్గమ్మ ఒడిలో దాచుకోవడం అతనికి అలవాటు. కాని పేజ్‌మేకరూ, పాత ‘అను’ ఫాంట్ల అక్షరాలూ, బటర్ పేపర్ మీద ప్రింటు తీసే పాతికసూదుల పోర్టు లేజర్ ప్రింటరూ ఆ ప్రెస్సులో అతని వశంలోనే ఉన్నాయి. మరో యంత్రంలో ఆ ఫైలు తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు’ కాస్తా నెత్తిన కొమ్ములూ తోకలూ మొలిచిన ఇంగ్లీషు అక్షరాల గుంపై కేరింతలు కొడుతుంది. యూనికోడ్ వాడుకలోకి రాకముందటి ఫాంటు కదా, ఇంగ్లీషు అక్షరాల కుర్చీల్లో తెలుగు అక్షరాలను కూర్చోబెట్టారు. ఫాంటు లేనిచోట అసలు కుర్చీ యజమానులు వచ్చి కూర్చుంటారు.

పక్కన పదాతిదళం, రెండు విండోస్ ఎక్స్‌పీలు. ఒకటి లెక్కలకు, ఒకటి రంగుల విజిటింగ్ కార్డులకు. నేను వెళ్లేసరికి లెక్కల ఎక్స్‌పీ యుద్ధరంగంలో లేదు. పెళ్లికూతురి తండ్రికి ఉక్కగా ఉందని యజమాని గారు దాని ప్లగ్గు పీకి ఆ సాకెట్లో టేబుల్ ఫ్యాను పెట్టారు. ‘షట్‌డౌన్’ అనే అంత్యక్రియ జరగలేదు. ఒక్క లాగుడుతో వీరమరణం. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

“ఫ్లాపీలో ఎక్కించి ఇవ్వకూడదూ?” అని అడగబోయే పాఠకులకు ముందే మనవి. వినాయకుడి బొమ్మతో కలిపి ఆ ఫైలు 3 ఎంబీ, ఫ్లాపీ 1.44. గణపతి బొజ్జ అందులో పట్టలేదు. పెన్‌డ్రైవ్ అంటారా? దాన్ని పెడితే 98 వారు కొత్త అల్లుడు తెచ్చిన పరాయి వంటకాన్ని చూసినట్టు చూసి, ‘డ్రైవర్ ఎక్కడ?’ అని అడిగి, మౌనం వహిస్తారు. దారి ఒక్కటే. గోడ వెంట మేకులకు వేలాడుతూ, సున్నం మరకలతో, బల్లి గుడ్ల మీదుగా ప్రయాణించే ఆ నెట్‌వర్క్ తీగ.

మరి నిన్నమొన్నటిదాకా నడిచిన దారి నేడెందుకు మూతపడింది? ఇక్కడ యజమాని గారి మేనల్లుడు ప్రవేశిస్తాడు. హైదరాబాదులో ఇంజినీరింగు రెండో ఏడు. మే 12న వన్నాక్రై అనే మహామారి బయల్దేరి, దగ్గరదగ్గర 150 దేశాల్లో కంప్యూటర్ల నోళ్లకు తాళాలు వేసి, తాళంచెవికి డబ్బు అడుగుతోందని టీవీలు గంట వాయిస్తున్న రోజుల్లో, సెలవులకు వచ్చిన ఆ కుర్రాడు మామయ్య ప్రెస్సు రక్షణకు కంకణం కట్టాడు. ఇంటర్నెట్ తీగ పీకాడు. సర్వర్లో గెస్ట్ ఖాతా మూసేశాడు. ‘ప్రెస్’ అని కొత్త ఖాతా తెరిచి దానికి భయంకరమైన పాస్‌వర్డ్ పెట్టాడు. ఫోల్డర్ల పేర్లు శుభ్రం చేశాడు. ఎక్స్‌పీలు రెంటిలో సరిచూసి, చేతులు దులుపుకుని, రైలెక్కాడు. నిజానికి ఆ పురుగు అతిథిలా తలుపు తట్టేది కాదు, పాస్‌వర్డ్ అడిగేదీ కాదు. గోడలో పగులు చూసుకుని దూరేది. అతను చేసిన పనుల్లో దాన్ని ఆపగలిగింది తీగ పీకడం ఒక్కటే. అదొక్కటి మాత్రం బంగారంలాంటి పని. మిగిలినవి మా పాలిట పద్మవ్యూహాలు. అప్పుడు సెలవులో ఉన్న డీటీపీ అమ్మాయి ఈ రోజే పనిలోకి వచ్చింది కనక, వ్యూహం ఈ రోజే బయటపడింది.

“అన్నా, నేనేం ముట్టుకోలేదు,” అంది ఆ అమ్మాయి. నా వృత్తిలో ప్రతి యుద్ధమూ ఈ నాందితోనే మొదలవుతుంది.

మొదటి రంగం బల్ల కిందే జరిగింది. మోకాళ్ల మీద వంగి, మొబైల్ వెలుగు కాగడాగా పట్టి, సాలెగూళ్ల మేఘమండలంలోకి శిరస్సు దూర్చాను. అక్కడ తీగ చివర కనెక్టర్ కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది. దానికి ఒక రబ్బరు బ్యాండూ, సగం కాలిన అగ్గిపుల్లా ఆధారం. పంకాగాలికి ఆ అగ్గిపుల్ల జారి, మహాసేతువు ఒక గింజెత్తు పక్కకు ఒరిగింది. ఆ తీగలో ఎనిమిది పోగులుంటాయి, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, ఒక్కోదానికీ తెల్లచారల తోబుట్టువు, అష్టదిక్పాలకుల్లా. అందులో మా పాత హబ్బుకు నలుగురే పనిచేస్తారు. మిగతా నలుగురూ పెళ్లివారి వెంట వచ్చిన దూరపు బంధువుల్లా ఊరికే నడుస్తారు. కొత్త కనెక్టర్ తొడిగి, క్రింపర్ నొక్కాను. కటుక్కుమన్న ఆ ధ్వని నా చెవులకు శివధనుర్భంగం. హబ్బు నుదుట చిట్టి ఆకుపచ్చ దీపం వెలిగింది. ఒకసారి ఆరింది. మళ్లీ వెలిగింది. తర్వాత మిణుకుమిణుకుమంటూ, తొలకరి చూసిన కప్ప గొంతులా, ఎడతెగకుండా కొట్టుకోసాగింది.

“అయినట్టేనా అండీ?” అన్నారు పెళ్లికూతురి తండ్రి.

కాలేదు. దూతలను పంపాలి. నల్లటి డాస్ కిటికీ తెరిచి, పింగ్ అన్న రెండక్షరాల శంఖం ఊదాను. నలుగురు దూతలు బయల్దేరారు. ఒక్కొక్కడు ముప్పైరెండేసి బైట్ల మూట నెత్తిన పెట్టుకుని, హబ్బు అనే చౌరాస్తా దాటి, కనకదుర్గమ్మ గుమ్మం తాకి, పది మిల్లీసెకన్లు గడవకముందే తిరిగొచ్చి తెర మీద వరసగా నిలబడ్డారు. పోయినవారు నలుగురు, వచ్చినవారు నలుగురు. ఒక్కడూ పోలేదు! యజమాని గారు చప్పట్లు కొట్టబోయి, నా ముఖం చూసి ఆగిపోయారు. పింగ్ పలికితే ఊపిరుందని మాత్రమే అర్థం. మాట ఉందని కాదు.

98 తెర మీద నెట్‌వర్క్ నైబర్‌హుడ్ తెరిచాను. ఇరుగుపొరుగు అని ఎంత ముద్దైన పేరు పెట్టారో! కనకదుర్గమ్మ ఉంది. రంగుల ఎక్స్‌పీ ఉంది. వారి నడుమ, టేబుల్ ఫ్యానుకు తన ప్రాణం ధారపోసిన లెక్కల ఎక్స్‌పీ కూడా, చెక్కుచెదరని చిరునవ్వుతో, చిన్న మానిటర్ బొమ్మై వెలుగుతోంది.

“అది కట్టేసి ఉంది కదన్నా?” అని డీటీపీ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

దయ్యం కాదు. ఆ పాతలోకంలో ఊరి జనాభా లెక్క అలాగే ఉంటుంది. ఎవరు గ్రామపెద్ద అన్నదానికి యంత్రాలు తమలో తాము ఎన్నిక పెట్టుకుంటాయి. సర్వర్ కిరీటం ఉన్నదే గెలుస్తుంది. ఇక్కడ ఎటూ కనకదుర్గమ్మే. ఆ పైన ప్రతివారూ పన్నెండు నిమిషాలకోసారి ‘ఉన్నాను’ అని పెద్దకు హాజరు పలకాలి. మూడు హాజర్లు వరసగా తప్పితేగాని పెద్ద పేరు కొట్టేయదు. అంటే 36 నిమిషాలు. ఆ కొట్టివేత కబురు ఊరంతా పాకడానికి మరో పదిహేను. చెప్పకుండా పోయినవాడు ఇరుగుపొరుగులో 51 నిమిషాల దాకా బతికి ఉండవచ్చు. మనుషుల్లో రేషన్ కార్డు మీద అంతకంటే ఎక్కువకాలం బతికినవాళ్లున్నారు, ఆశ్చర్యపోవలసింది లేదు. “ప్లగ్గు ఎప్పుడు పీకారు?” అని అడిగాను. “ఇందాకే, ఓ పది నిమిషాలయి ఉంటుంది,” అన్నారు యజమాని గారు, హత్యానేరం ఒప్పుకునేవాడిలా.

కనకదుర్గమ్మ బొమ్మ మీద రెండుసార్లు నొక్కాను.

ఆ రెండు నొక్కుల మధ్య ఏమేమి జరుగుతుందో చెప్పకుండా ముందుకు పోవడం మహాపాపం. ఆ భాష పుట్టుకే వేరు. 1980ల తొలినాళ్లలో ఐబీఎంలో బారీ ఫైగెన్‌బామ్ అనే ఆయన ఒక యంత్రం కడుపులోని ఫైలును మరో యంత్రం తన కడుపులోదేనన్నట్టు చదువుకునే మర్యాదను రూపొందించాడు. అదే ఎస్ఎంబీ. తర్వాత 1992లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి తీగ మీద పోయే మాటలను చాటుగా విని విని ఆ భాష నేర్చి, తానూ ఒక సర్వర్ రాసి, దానికి పేరు కోసం నిఘంటువులో ఎస్, ఎం, బి ఆ వరసలో వచ్చే మాటలు వెదికితే సాంబా దొరికిందట. ఆయన ఉద్దేశం ఏదైనా, మన చెవులకు ఆ పేరు వినగానే విభూతి వాసనే వస్తుంది.

తలుపుల సంగతి. విండోస్ 2000తో పాటు 445 అని కొత్త సింహద్వారం తెరిచారు. 98కి అటువైపు దారే తెలియదు. చిన్నప్పటి నుంచి నడిచిన 139వ నంబరు పాతగుమ్మం ముందే వెళ్లి నిలబడ్డాడు. నిలబడి, తనకు వచ్చిన మాండలికాలన్నీ వరసగా చదివాడు. అతిపురాతనమైన పీసీ నెట్‌వర్క్ ప్రోగ్రాం 1.0 దగ్గర మొదలుపెట్టి, లాన్‌మ్యాన్ శాఖలు దాటి, చిట్టచివర ఎన్‌టీ ఎల్ఎం 0.12 దాకా. స్వయంవర మండపంలో వైతాళికుడు రాజుల పేర్లు చదువుతుంటే, కనకదుర్గమ్మ ఒక్కొక్కరినీ దాటి, దాటి, చివరివాడి మెడలో మాల వేసింది. ఆ మాల వేసిన కాలం రెప్పపాటులో నూరోవంతు ఉండదు. కాని ఆ రెప్పపాటులో ఇద్దరు ముసలివాళ్లు, ఆ పాతభాషలో, ఒకరినొకరు గుర్తుపట్టారు.

అప్పుడు తెర మధ్యలో, నీలిపట్టీ కట్టుకుని, బూడిదరంగు కవచం తొడిగి, ద్వారపాలకుడు ప్రత్యక్షమయ్యాడు. ముందు రెండు వెనక్కివాలిన బల్లేలు, వాటి వెనక కనకదుర్గమ్మ పేరు, ఆ వెనక మరో బల్లెం, చివర ఐపీసీ డాలర్. కింద ఒకటే ప్రశ్న. పాస్‌వర్డ్?

ఈ ఐపీసీ డాలర్ ద్వారపాలకుడి ముందు నా తరం హార్డ్‌వేర్ కుర్రాళ్లు ఎంతమంది రాత్రుళ్లు గడిపారో లెక్కలేదు. నువ్వెవరని అడగడు. పేరు రాసే గడి లేదు. పాస్‌వర్డ్ మాత్రం అడుగుతాడు. అడ్మినిస్ట్రేటర్‌ది కొట్టినా ఒప్పడు, యజమాని గారి పెళ్లిరోజు కొట్టినా ఒప్పడు. ఎందుకంటే 98 తొలిపొద్దున లాగిన్ అయినప్పుడు ఇచ్చిన పేరునే మౌనంగా లోపలికి పంపిస్తాడు. ఆ పేరు లోపలి జాబితాలో లేకపోతే ఏ పాస్‌వర్డూ పనికిరాదు. మునుపు గెస్ట్ ఖాతా తెరిచి ఉండేది. పేరు తెలియనివాడు ఎవడొచ్చినా అతిథిగా లోపలికి పిలిచి పీట వేసేది. మేనల్లుడు ఆ పీట తీసేశాడు.

కుర్రాడికి ఫోను చేశాం.

“మావయ్యా, ‘ప్రెస్’ పేరుతో లాగిన్ అవ్వమనండి. పాస్‌వర్డ్ వీ పెద్దది, తర్వాత విజయవాడలో మిగతా అక్షరాలన్నీ చిన్నవి, ఆ పక్కనే మన పిన్‌కోడ్.”

లాగాఫ్ అయ్యాం. ‘ప్రెస్’ అయ్యాం. డీటీపీ అమ్మాయి, ఆ లేతవేళ్లతో, పది అక్షరాలూ ఆరు అంకెలూ వీణ మీటినట్టు మీటింది. ద్వారపాలకుడు తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మీటింది. మళ్లీ ఊపాడు. యజమాని గారు స్వయంగా ఒక వేలితో, ఒక్కో అక్షరం బయటికి చదువుతూ కొట్టారు. ద్వారపాలకుడికి దయ పుట్టలేదు. “ఎక్స్‌పీలో అదే వస్తోంది గదా!” అని ఆయన ఆక్రోశించారు. రంగుల ఎక్స్‌పీలో నిజంగానే వస్తోంది.

ఇక్కడ నేను కాసేపు కళ్లు మూసుకున్నాను. టేబుల్ ఫ్యాను గాలి అటు తిరిగి ఇటు తిరిగింది. అప్పుడు జ్ఞాపకం వచ్చాడు, జరాసంధుడు.

98కి తెలిసిన సవాలు పద్ధతి లాన్‌మ్యాన్ కాలంనాటిది. సర్వర్ ఎనిమిది బైట్ల సవాలు విసురుతుంది. క్లయింటు తన పాస్‌వర్డ్‌ను బయటికి చెప్పకుండా, దాన్ని తాళంచెవిగా మార్చి ఆ సవాలును గిలక్కొట్టి, ఇరవై నాలుగు బైట్ల జవాబు ఇవ్వాలి. ఆ తాళంచెవి చేసే తీరు చూడాలి! చిన్న అక్షరాలన్నీ పెద్దవి చేస్తాడు. పద్నాలుగుకు తక్కువైతే సున్నలు పేర్చి నింపుతాడు. ఆపైన సరిగ్గా నడుమకు, ఏడు అటు, ఏడు ఇటు, జరాసంధుణ్ణి చీల్చినట్టు చీలుస్తాడు. రెండు సగాలకూ వేర్వేరుగా ముద్ర వేసి మళ్లీ అతుకుతాడు. ఏడూ ఏడూ పద్నాలుగు. పద్నాలుగుకు ఒక్కటి ఎక్కువైనా ఆ దేహం చీలదు. అటువంటి పాస్‌వర్డ్‌కు 2000 సర్వర్ ఆ పాతముద్ర దాచుకోనే దాచుకోదు. కొత్తముద్ర మాత్రమే దాచుకుంటుంది. ఎక్స్‌పీకి కొత్తముద్ర తెలుసు, లోపలికి పోతాడు. 98కి తెలియదు, గుమ్మంలో నిలబడతాడు. విజయవాడ పది, పిన్‌కోడ్ ఆరు, వెరసి పదహారు. మా ఊరి పేరూ, మా ఊరి పోస్టాఫీసూ కలిసి మా ఊరి కార్డును ఆపాయి!

సర్వర్ ముందు పీఠం వేసి, దాని కీబోర్డు మీది ధూళిని ఉఫ్ఫున ఊది, ‘ప్రెస్’ ఖాతాకు తొమ్మిదక్షరాల కొత్త పాస్‌వర్డ్ పెట్టాను. అదేమిటో ఇక్కడ రాయను. ముక్కలు చేసే ఆ పాతతాళం బలహీనమైనదని నాకు తెలుసు, ఈ కాలపు యంత్రాలు దాన్ని వేరుశనక్కాయ వలిచినట్టు వలుస్తాయి. అందుకే కుర్రాడు పీకిన ఇంటర్నెట్ తీగను మాత్రం నేను ముట్టుకోలేదు. పైపెచ్చు దాన్ని చుట్టచుట్టి అటక మీద పెట్టి వచ్చాను.

98 మళ్లీ నొక్కాడు. స్వయంవరం జరిగింది. సవాలు వచ్చింది. జరాసంధుడు చీలాడు, అతికాడు, జవాబయ్యాడు. ద్వారపాలకుడు కనబడలేదు! తలుపులు తెరుచుకున్నాయి! యజమాని గారు “అమ్మా, కనకదుర్గమ్మా!” అన్నారు. ఆయన పిలిచింది కొండమీది అమ్మనో బల్లకింది అమ్మనో నాకు ఇప్పటికీ తెలియదు.

లోపల ప్రాకారం విశాలంగా ఉంది. ‘బిల్స్’ ఉంది. ‘ఫాంట్స్’ ఉంది. ‘పాత’ అని ఒకటుంది. శుభలేఖలు లేవు.

నిశ్శబ్దం. పెళ్లికూతురి తండ్రి లేచి నిలబడ్డారు. అయిదువందల కార్డులు, మూడువందల విస్తళ్లు, సన్నాయి, డోలు, తలంబ్రాలు, అన్నీ ఆ క్షణంలో ఆయన కళ్లలో గిర్రున తిరిగినట్టనిపించింది. “పోయినయ్యా అండీ?” అన్నారు. గొంతు ఫ్యాను గాలికి రెపరెపలాడింది.

సర్వర్ దగ్గరికి పరుగెత్తాను. అయిదడుగులే అయినా పరుగు పరుగే. ఫోల్డరు భద్రంగా ఉంది. షేర్ కింద చెయ్యి గుర్తు భద్రంగా ఉంది. పేరు చూశాను. ఇంగ్లీషులో ‘శుభలేఖలు’, దాని తోకగా 2017. మునుపు దాని పేరు ‘కార్డ్స్’ అట. కుర్రాడు అందమైన తెలుగు పేరు పెట్టాడు. అభిరుచికి తప్పుపట్టను. కాని 98కి షేర్ పేరు పన్నెండు అక్షరాల దాకానే కనబడుతుంది. పాతకాలపు ఎనిమిది, చుక్క, మూడు కలిపితే పన్నెండు. ఆ గజం కర్రతో కొలవగా మిగిలిన చూపు అది. పదమూడో అక్షరం వచ్చిందా, ఆ షేర్ అతని కంటికి గాలి. కోపంలేదు, పొరపాటు సందేశం లేదు. ఊరికే ఉండదు. పేరు మార్చేనాడు సర్వర్ చెప్పే ఉంటుంది, ‘ఈ పేరు కొన్ని డాస్ యంత్రాలకు అందకపోవచ్చు సుమా, సరేనా?’ అని. కుర్రాడు ఆ డాస్ అన్న మాటను శాసనాల్లోని హళగన్నడంలా చూసి ‘ఎస్’ కొట్టి ఉంటాడు.

వేళ్లు మడిచి లెక్కపెట్టాను. ఇంగ్లీషులో ‘శుభలేఖలు’ ఒక్కటీ రాస్తే ఎన్ని? ఎస్, యూ, బీ, హెచ్, ఏ, ఎల్, ఈ, కే, హెచ్, ఏ, ఎల్, యూ. పన్నెండు! ఒక్కటి ఎక్కువకాదు, ఒక్కటి తక్కువకాదు! గుమ్మం కొలిచి చెక్కిన తలుపులా, వేలికి పోసిన ఉంగరంలా, పన్నెండుకు పన్నెండు! కుర్రాడు తోక తగిలించకుండా ఉంటే ఈ పర్వమే లేదు. 2017ను కోసేశాను. హనుమంతుడి తోకకు నిప్పంటించినప్పుడు లంకకు పట్టిన దశ నాకు తెలుసు గాని, తోక తీస్తే కార్యం నెరవేరిన కథ ఇదొక్కటే చూశాను.

98 తెర మీద ఎఫ్5. ఒక్క మిణుకు. ‘శుభలేఖలు’ పసుపు ఫోల్డరై, నుదుట తీగ గుర్తు పెట్టుకుని, ముత్తయిదువలా వచ్చి నిలబడింది.

ఆపైన ఊరేగింపు. ఫైలు పట్టి లాగి 98 డెస్క్‌టాప్ మీద వదిలాను. తెర మీద ఎడమనుంచి కుడికి కాగితాలు ఎగరసాగాయి. ఆ కాగితాల ఎగరడం ఎవరు కనిపెట్టారో గాని వారికి పుష్పకవిమానం గురించి తెలిసే ఉంటుంది. కింద తీగలో జరుగుతున్నది అంతకంటే వైభవం. ఒక్కో పల్లకీలో 1500 బైట్లకు మించి పట్టవు. 3 ఎంబీల శుభలేఖ అంటే రెండువేలకు పైగా పల్లకీలు. వినాయకుడి తొండం ఒక పల్లకీలో, చెవి ఒక పల్లకీలో, బొజ్జ అనేక పల్లకీల్లో, వరుడి ఇంటిపేరు ఒకదాన్లో, ‘మీ రాక’ ఒకదాన్లో, ‘మాకెంతో’ తర్వాతిదాన్లో. ఒకటి తరవాత ఒకటి, ఒకటి తరవాత ఒకటి, హబ్బు చౌరాస్తాలో దివిటీ మిణుకుల మధ్య, కొత్తగా క్రింప్ చేసిన గుమ్మం కిందుగా, నలుగురు పనిచేసే పోగుల భుజాల మీద, నలుగురు ఊరకే నడిచే బంధువుల సరసన, సాగిపోయాయి. అందులో ఏదో ఒక పల్లకీలో, ఎవరికీ తెలియకుండా, తెర కప్పుకుని, ఆ దుష్ట ‘రా’ కూడా దర్జాగా కూర్చుని వస్తోంది. తనకు వధ్యశిలే గమ్యమని దానికి తెలియదు.

పేజ్‌మేకర్ తెరుచుకుంది. డీటీపీ అమ్మాయి కర్సరును ‘రా’ వెనక నిలిపింది. అప్పటిదాకా ఎవరి మాటా వినని సందులోని ఆటోలు కూడా హారన్లు ఆపినట్టు నాకు తోచింది. బ్యాక్‌స్పేస్. ‘రా’ నేలకొరిగింది. చిటికెనవేలు ఎత్తి, దింపి, ఒక్క తట్టు.

ఉ.

ముడుచుకుని పడుకున్న పిల్లిపిల్లలా, అప్పుడే కళ్లు తెరిచిన చిగురులా, ఉదయగిరి మీద తలెత్తిన బాలభానుడి వంకలా, నాలుగు మిల్లీమీటర్ల ఎత్తున ఆ ‘ఉ’ ఉదయించింది. లేజర్ ప్రింటర్ గర్జించి, వేడెక్కి, బటర్ పేపరును మెల్లగా బయటికి నెట్టింది. పెళ్లికూతురి తండ్రి దాన్ని కొసలు పట్టుకుని కిటికీ వెలుగుకు ఎత్తి, మిగతా కార్డు చూడనే లేదు, ఆ ఒక్క అక్షరం మీదే కళ్లు పెట్టి, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు చదివారు. “ఉదయం,” అన్నారు. సంచీలోంచి అడ్వాన్సు తీశారు. ప్లేటు ఎక్స్‌పోజుకు వెళ్లింది. మినీ ఆఫ్‌సెట్ మళ్లీ ధడధడలాడింది. యజమాని గారు నాకు మజ్జిగ తెప్పించారు.

మజ్జిగ తాగుతూ, చేతి తీట కొద్దీ, 98 తెర మీద ఇరుగుపొరుగు తెరిచి మరోసారి ఎఫ్5 కొట్టాను. కనకదుర్గమ్మ ఉంది. రంగుల ఎక్స్‌పీ ఉంది. లెక్కల ఎక్స్‌పీ లేదు. టేబుల్ ఫ్యాను తిరుగుతూనే ఉంది.